గిటారు బిరడలు: కొనుటయు, మార్చుటయు

ఇరువదిమంది బాలబాలికలు కూడి పాడునపుడు వారి కంఠముల కన్నిటికి ఆధారము తోడుగా మ్రోగు వాద్యమే. ఆ వాద్యము శ్రుతి తప్పినచో, పాడువారిలో ఎవరికి వారు తామే తప్పుచున్నామని తలచి గొంతు తగ్గింతురు. కొంతసేపటికి పాట నీరసించిపోవును.

గత విద్యాసంవత్సరమున మా గాయకబృందమునకు ఒక క్రొత్త గిటారు కొంటిమి. పిల్లలు వారము వారము తెచ్చిన చిల్లరయు, తల్లిదండ్రులు కొందఱు ఇచ్చిన కానుకలును చేర్చి కొన్నది గనుక అది పదుగురి సొత్తు. కొన్న రెండు మాసములకే దాని శ్రుతి నిలుచుట మానెను. మేము బిరడలను తప్పుపట్టి, మఱికొంత ధనము వెచ్చించి వానిని మార్చితిమి. మార్చిన పిదప ఏమి జరిగినదో ఈ వ్యాసము చివర చెప్పుదుము. అంతకు ముందు గిటారు బిరడ యెట్టిదో, క్రొత్త గిటారును ఎట్లు పరీక్షించి కొనవలెనో, బిరడలు మార్చుట యెట్లో తెలిసికొందము. ఇండ్లలో పిల్లలకు గిటారు కొనిపెట్టదలచిన తల్లిదండ్రులకును ఇది ఉపయోగపడగలదు.

1. వీణ బిరడ, గిటారు బిరడ

వీణను దగ్గఱగా చూచినవారికి గిటారు భాగములు క్రొత్తవి కావు. రెండింటికిని తీగలు, మెట్లు, తీగలను మోయు గుఱ్ఱము, తీగలను బిగించు బిరడలు ఉన్నవి. బొబ్బిలి దగ్గఱి గొల్లపల్లిలో పనసకఱ్ఱతో వీణలు చేయు కుటుంబములు తరతరములుగా నున్నవి. వీణకు ఏడు తీగలు, ఏడు బిరడలు. కఱ్ఱబిరడ ఒక కొన లావుగను, రెండవ కొన సన్నముగను చెక్కబడి, రంధ్రములో ఒరసికొని నిలుచును. దానిని పట్టియుంచునది ఒరపిడి మాత్రమే. కావుననే వైణికుడు బిరడను త్రిప్పుచు లోనికి నొక్కును; జాఱుచున్నచో సుద్ద రాయును. సూక్ష్మమైన సవరణకు గుఱ్ఱమునకు ఆవల తీగపై జరుపదగిన చిన్న పూసలు వేఱుగా నుండును.

పూర్వము గిటారునకు కూడ ఇట్టి కఱ్ఱబిరడలే యుండెను. స్పెయిను దేశపు ఫ్లమెంకో గిటారులలో కొన్నిటికి ఇప్పటికిని ఇవి కలవు. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున మరచుట్టును పండ్లచక్రమును గల లోహపు బిరడలు గిటారునకు వచ్చినవి. వీనిని ఈ వ్యాసములో మరబిరడ లందుము. అంగళ్లలో ట్యూనర్లు, మెషీన్ హెడ్లు, కీలు అని పిలుతురు. ఆ కాలమున వియన్నా నగరములో యోహాన్ గెయోర్గ్ స్టౌఫర్ అను శిల్పి ప్రసిద్ధుడు. ఆరు బిరడలను తలకు ఒకే ప్రక్క వరుసగా అమర్చుట ఆయన గిటారులకు గుర్తు.

స్టౌఫర్ యొద్ద పనిచేసిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1796లో సాక్సనీలోని మార్క్‌నొయికిర్షెన్ అను ఊర జన్మించెను. ఆ యూర గిటారులు చేయు హక్కు వడ్రంగులదా, వయొలినులు చేయువారిదా అని రెండు వృత్తిసంఘముల నడుమ పెద్ద తగవు నడచెను. మార్టిన్ 1833లో న్యూయార్కునకు వలసపోయి అంగడి పెట్టెను; 1839 నాటికి పెన్సిల్వేనియాలోని నాజరెతునకు చేరెను. ఆ నాజరెతు మొరేవియను క్రైస్తవులు పదునెనిమిదవ శతాబ్దిలో నెలకొల్పిన ఊరు. మార్టిన్ పేరిటి కర్మాగారము నేటికిని అచ్చటనే యున్నది. మన దేశముతో దానికొక సంబంధము కలదు. అంతవఱకు బ్రెజిలు దేశపు రోజ్‌వుడ్డు వాడుచుండిన ఆ కర్మాగారమువారు 1969 మొదలు దానికి బదులుగా భారతదేశపు రోజ్‌వుడ్డును, అనగా మనవారు ఇరుగుడనియు జిట్టేగి యనియు పిలుచు చెట్టు చేవను, గిటారుల వీపులకును ప్రక్కలకును విరివిగా వాడసాగిరి.

ఇటీవల మన వీణలకు కూడ కొందఱు మరబిరడలు పెట్టించుకొనుచున్నారు.

2. మరబిరడ పనిచేయు విధము

చేతితో త్రిప్పు గుబ్బకు ఒక చిన్న కమ్మి యంటియుండును. ఆ కమ్మిపై మరచుట్టు కలదు. తీగ చుట్టుకొను నిలువు కమ్మి యడుగున పండ్లచక్రము కలదు. గుబ్బను ఒక్కమాఱు పూర్తిగా త్రిప్పినచో మరచుట్టు పండ్లచక్రమును ఒక్క పన్నుమేర మాత్రమే జరుపును. చక్రమునకు 14 పండ్లున్నచో గుబ్బను 14 మాఱులు త్రిప్పిన గాని నిలువు కమ్మి ఒక్క చుట్టు తిరుగదు. దీనినే 14కు 1 నిష్పత్తి యందురు. 18కి 1, 21కి 1 నిష్పత్తులు గల బిరడలును దొరకును.

ఈ నిష్పత్తి ప్రయోజనమును లెక్కవేసి చూతము. నిలువు కమ్మి వ్యాసము 6 మిల్లీమీటర్లనుకొనుడు. దాని చుట్టుకొలత సుమారు 19 మిల్లీమీటర్లు. 14కు 1 బిరడను ఒక్కమాఱు త్రిప్పినపుడు కమ్మి లాగుకొను తీగ సుమారు 1.35 మిల్లీమీటర్లు. 18కి 1 బిరడ యైనచో కొంచెము హెచ్చుగా 1 మిల్లీమీటరు. నిష్పత్తి పెరిగినకొలది చేతి కదలిక పెద్దది, తీగ కదలిక చిన్నది యగును. కావున సరియైన స్వరమువద్ద ఆగుట సులభము. అంతకుమించి నిష్పత్తివలన శ్రుతి ఎక్కువకాలము నిలుచుట యనునది లేదు. ఈ రెండు సంగతులును వేఱువేఱని గ్రహింపవలెను.

మఱియొక విశేషము. గుబ్బను త్రిప్పినచో చక్రము తిరుగును గాని, తీగ ఎంత లాగినను చక్రము గుబ్బను త్రిప్పజాలదు. మరచుట్టు వాలు మిక్కిలి స్వల్పమగుటచే ఒరపిడి దానిని ఉన్నచోటనే పట్టివేయును. వాలుతలమును గుఱించిన పాఠము చదివిన విద్యార్థులు దీని కారణమును తామే చెప్పగలరు. అందుచేత పండ్లు అరగని మరబిరడ తనంతట తాను వెనుకకు తిరుగదు. ఈ వాక్యమును చదువరులు గుర్తుంచుకొనవలెను. మేము దీనిని మఱచియే నష్టపోతిమి.

అయితే పండ్లకును మరచుట్టునకును నడుమ వెండ్రుకవాసి వదులు ఉండును. తీగను తగ్గించి ఆపినచో ఈ వదులు అట్లే మిగిలి, వాయించునపుడు తీగ మఱికొంత జాఱును. అందుచే స్వరము హెచ్చైనచో దానిని కావలసినదానికంటె క్రిందికి దించి, మరల పైకి బిగించుచు వచ్చి సరియైనచోట ఆపవలెను. శ్రుతి చేయువాడు ఎల్లప్పుడును క్రిందినుండి పైకి రావలెను.

బిరడలు మోయు భారమెంతయో చాలమందికి తెలియదు. ఆరు తీగలలో లావైన ఆరవతీగ మొదలుకొని సన్నని మొదటితీగ వఱకు ఈ, ఏ, డి, జి, బి, ఈ అను స్వరములుండును. ఆరవతీగ క్షణమునకు సుమారు 82 మాఱులు, ఐదవది 110 మాఱులు, మొదటిది సుమారు 330 మాఱులు కంపించును. సాధారణముగా వాడు సన్నపు ఉక్కుతీగల జతలో మొదటితీగ లావు 0.012 అంగుళము. అట్టి ఆఱింటి బిగింపు మొత్తము సుమారు 74 కిలోగ్రాముల బరువునకు సమానము. పూర్తిగా ఎదిగిన మనుష్యు డొకడు మెడకు వ్రేలాడుచున్నట్లే యనుకొనవచ్చును. కంపనసంఖ్య బిగింపు యొక్క వర్గమూలమును అనుసరించును గనుక, స్వరము అరమెట్టు పెరుగవలెనన్న బిగింపు నూటికి సుమారు 12 వంతులు పెరుగవలెను.

3. క్రొత్త గిటారు కొనునపుడు

మొదట తీగలజాతి నిర్ణయించుకొనవలెను. నైలాను తీగల గిటారు వ్రేళ్లకు మెత్తన; చిన్నపిల్లలకు అనువు. ఉక్కుతీగలది ధ్వని గట్టిగా నిచ్చును, బృందగానమునకు అనువు. నైలానుతీగల బిగింపు ఉక్కుతీగల బిగింపులో దాదాపు సగమే. కనుక నైలానుకై చేసిన గిటారునకు ఉక్కుతీగలు వేయరాదు. వేసినచో గుఱ్ఱము ఊడివచ్చును, లేదా ముందుపలక ఉబ్బును.

పిమ్మట పరిమాణము. పెద్ద గిటారులో గుఱ్ఱమునుండి మెడ చివరి గంట్లపట్టె వఱకు తీగ పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. చిన్నపిల్లలకు ముప్పాతిక పరిమాణము గలవి దొరకును. పిల్లవాడు గిటారును ఒడిలో పెట్టుకొని భుజము పైకెత్తకుండ తీగలను మీటగలుగుచున్నాడా, మొదటి మెట్టును ఎడమచేయి కష్టపడక అందుకొనుచున్నదా అని చూచినచో చాలును.

అంగడిలో ఈ క్రింది పరీక్షలు చేయవలెను. ఇందులకు పావుగంట పట్టును. వర్తకుడు తొందరపెట్టినచో మఱియొక దినము పోవుట మేలు.

మొదటిది, మెడ. మొదటి మెట్టువద్దను, మెడ పెట్టెను కలిసికొను మెట్టువద్దను ఒకే తీగను ఒక్కసారి నొక్కిపట్టుడు. నడుమ మెట్లకును తీగకును మధ్య కాగితము దూరునంత సందు మాత్రముండవలెను. సందు మిక్కుటమైనచో మెడ వంగినదనుట. బొత్తిగా లేనిచో వెనుకకు వంగినదనుట. ఉక్కుతీగల గిటారులలో అనేకమునకు మెడలోపల సవరణకడ్డీ యుండును. స్వల్పమైన వంపును దానితో దిద్దవచ్చును.

రెండవది, తీగల ఎత్తు. పండ్రెండవ మెట్టుపై తీగ 2 మొదలు 3 మిల్లీమీటర్ల ఎత్తున నున్నచో బాగు. అంతకుమించినచో పిల్లల వ్రేళ్లు నొచ్చి, నెలతిరుగకమున్నే గిటారు మూలబడును.

మూడవది, మెట్లు. ప్రతి తీగను ప్రతి మెట్టువద్ద నొక్కి మీటుడు. జిఱ్ఱుమను చప్పుడు ఎచ్చటను ఉండరాదు. మెడ అంచున చేయి రాచి, మెట్ల కొనలు గీచుకొనుచున్నవేమో చూడుడు.

నాలుగవది, స్వరస్థానము. పండ్రెండవ మెట్టు తీగ సగము పొడవువద్ద నుండును. అచ్చట తీగను తేలికగా తాకి మీటినపుడు వచ్చు స్వరమును, నొక్కి మీటినపుడు వచ్చు స్వరమును ఒక్కటే కావలెను. భేదము చెవికి తెలియునంత యున్నచో ఆ గిటారు ఏ బిరడతోను శ్రుతికి రాదు.

ఐదవది, పలక. నాదరంధ్రము అంచున ముందుపలక మందమును పరికింపుడు. కఱ్ఱ పోగులు పైనుండి అడుగువఱకు తెగక దిగినచో అది ఏకపలక. పొరలు కనబడినచో అతుకుపలక. ఏకపలక నాదము కాలక్రమమున మెఱుగగునని వాడుకరులు చెప్పుదురు. అతుకుపలక మాత్రము ఎండవానలకు బాగుగా ఓర్చుకొనును. బడిలో పదిచేతులు మాఱు గిటారునకు అతుకుపలకయే చాలునని మా అభిప్రాయము.

ఆఱవది, బిరడలు. ప్రతి గుబ్బను ఇరువైపుల త్రిప్పుడు. త్రిప్పుట ఆద్యంతము ఒకే తీరున నుండవలెను. ఒకచోట బిగుసుకొని వేఱొకచోట జాఱరాదు. గుబ్బ కదలినను స్వరము కదలని మేర ఎంత యున్నదో కనిపెట్టుడు. నిలువు కమ్మిని వ్రేళ్లతో పట్టి ఊపినచో ఊగరాదు. పెట్టెలోని బిరడలు ఈ పరీక్షకు నిలిచినచో, వేఱు బిరడలు కొనవలసిన పని యేమియు లేదు.

కొన్న పిదప ఆ గిటారును ఎండలో నిలిపిన బండిలోను, వానచినుకు తగులు కిటికీవద్దను ఉంచరాదు. గాలిలో తేమ నూటికి 45 మొదలు 55 వఱకు ఉండుట కఱ్ఱకు హితము. మన కోస్తా వానకాలమునకును, తెలంగాణా రాయలసీమల వేసవికిని ఆ హద్దు తెలియదు గనుక, గిటారును మూతపెట్టెలోనో సంచిలోనో ఉంచుట అవసరము.

4. బిరడలు మార్చుట

పండ్లు అరిగినపుడు, నిలువు కమ్మి ఊగునపుడు, గుబ్బ విఱిగినపుడు బిరడ మార్చవలెను. ఇవికాక అలంకారమునకును, మఱింత సూక్ష్మమైన నిష్పత్తికిని మార్చుకొనువారును కలరు. అది వారి ముచ్చట, తప్పనరాదు.

బిరడలు రెండు తెఱగులు. తెఱపి బిరడలలో చక్రము బయటికి కనబడును, ఇవి తేలిక, అప్పుడప్పుడు దుమ్ము తుడిచి చుక్క నూనె వేయవలెను. మూత బిరడలలో చక్రము లోహపు గుల్లలో గ్రీజుతో సహా మూయబడియుండును, ఇవి బరువు, సంరక్షణ అక్కఱలేదు. బరువైన బిరడలు ఆరింటిని తేలిక గిటారునకు తగిలించినచో తల క్రిందికి వంగుచు వాయించువాని ఎడమచేతిపై భారము మోపును. గుబ్బలు లోహముతోను, ముత్యపుచిప్ప వన్నెగల ప్లాస్టిక్కుతోను, నల్లచేవకఱ్ఱతోను చేయుదురు. బరువు తగ్గింపగోరువారు కఱ్ఱగుబ్బలు ఎంచుకొందురు.

కొనుటకు ముందు కొలువవలెను. నేడు మూత బిరడలలో అనేకమునకు 10 మిల్లీమీటర్ల రంధ్రము కావలెను. ప్రాతరీతి తెఱపి బిరడలకు అంతకంటె చిన్నది చాలును. మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్సు ఈ పనికి చక్కగా పనికివచ్చును. రంధ్రముల వ్యాసము, తల మందము, బిరడలు తలకు ప్రక్కకు మూడేసి యున్నవా, ఒకే ప్రక్క ఆఱున్నవా అను మూడును వ్రాసికొని అంగడికి పోవలెను. కుడి ఎడమ బిరడలు అద్దములోని ప్రతిబింబములవంటివి. ఒకదానిచోట మఱియొకటి కూర్చుండదు.

పని ఈ క్రమమున జరుపవలెను. ఆరు తీగలను కొంచెము కొంచెముగా, ఒకదానివెంట నొకటి, వదులుచేసి తీయుడు. ముందువైపు ఆరుమూలల నట్టును సరియైన పానాతో విప్పుడు. వెనుకనున్న చిన్న మరమేకును తలగంటికి సరిపోవు స్క్రూడ్రైవరుతో తీయుడు. తీసిన వానిని ఏ స్థానమున నున్నవో ఆ వరుసలోనే కాగితముపై పెట్టుడు. క్రొత్త బిరడను రంధ్రములో దూర్చి, నట్టును చేతితో మాత్రము బిగించి, గుబ్బలు మూడును ఒకే వరుసకు వచ్చునట్లు సరిచూడుడు. పిదప మేకు స్థానమున గుర్తు పెట్టి, మేకుకంటె సన్నని బెజ్జము వేయుడు. క్రొత్త బెజ్జము ప్రాతదాని ప్రక్కనే పడునట్లున్నచో ముందుగా ప్రాతదానిలో జిగురు ముంచిన పంటిపుల్ల దూర్చి ఆఱనిచ్చి కోసివేయవలెను. మేకుకు కొంచెము క్రొవ్వొత్తి మైనము రాచినచో విఱుగక సులువుగా దిగును. బలము చూపుటకు ఇది చోటు కాదు. సన్నపు మేకు తల తెగినచో దానిని పైకి తీయుట మహాప్రయాస.

తీగలు చుట్టుటలోను పద్ధతి కలదు. లావుతీగకు రెండు మూడు చుట్లు, సన్నతీగకు మూడు నాలుగు చుట్లు పడునంత వదులు విడిచి చుట్టవలెను. ప్రతి చుట్టును ముందరి చుట్టునకు క్రిందుగా దిగవలెను. ఒకదానిపై నొకటి ఎక్కరాదు. క్రొత్తతీగ సాగును గనుక పలుమాఱులు మెల్లగా లాగి మరల శ్రుతి చేయవలెను.

5. మేము చేసిన పొరపాటు

మేము కొన్న గిటారు పైని చెప్పిన పరీక్షలన్నిటికి నిలిచినది. బిరడలును బాగుగనే యుండెను. నెల గడచిన పిమ్మట, ప్రార్థనామందిరములో వెనుకవరుసవారికి వినబడుటలేదని తలచి, 0.012 జతను తీసివేసి, 0.013తో మొదలగు లావుతీగల జతను వేసితిమి. వాని మొత్తము బిగింపు అంతకుముందుదానికంటె సుమారు పది కిలోగ్రాములు హెచ్చు. ధ్వని పెరిగినది, మేము సంతసించితిమి.

కోతపండుగ ఆరాధనలో రెండవ కీర్తన నడుమ మూడవతీగ శ్రుతి తప్పినది. వాయించుచున్నవాడు తొమ్మిదవ తరగతి విద్యార్థి. సరిగా శ్రుతి చేసికొనక కూర్చుంటివని అతనిని బృందమందఱి యెదుట మందలించితిమి. అతడు తలవంచుకొని, “మాస్టరుగారూ, మూడవ తీగ బిగించునపుడు పైన టిక్కుమని చప్పుడగుచున్నదండి, ఆ వెంటనే స్వరము ఎగిరిపోవుచున్నదండి” అనెను. మేము ఆ మాటను సాకుగా నెంచి వినలేదు. తరువాతి వారము మేమే కూర్చుండి శ్రుతి చేసితిమి, అయినను తప్పినది. అప్పుడు పిల్లవానిని విడిచి బిరడలను నిందింప మొదలుపెట్టితిమి. 18కి 1 నిష్పత్తిగల మూత బిరడల జతను తెప్పించి, తలవెనుక క్రొత్తగా ఆరు బెజ్జములు వేసి బిగించితిమి. తీగలెక్కించి శ్రుతి చేసితిమి. మూడవతీగ టిక్కుమనెను.

ఈసారి ఆ చప్పుడు మేము స్వయముగా వింటిమి. అది బిరడనుండి రాలేదు. మెడకును తలకును నడుమ ఎముకవన్నె గల సన్నని పట్టె యొకటి యుండును. తీగలు దానిమీది గంట్లలో కూర్చుండి తలపైకి పోవును. వీణలోని మేరువునకు ఇది సమానము. మేము పైని గంట్లపట్టె యన్నది దీనినే. కర్మాగారములో ఆ గంట్లను సన్నతీగలకు సరిపడ కోసిరి. ఆ జతలో మూడవతీగ లావు 0.024 అంగుళము, మేము వేసినది 0.026. అంగుళములో వెయ్యింట రెండువంతుల భేదము. ఆ కొంచెముననే తీగ గంటులో చిక్కుకొనెను. బిరడ త్రిప్పినపుడు గంటునకు పైనున్న భాగము మాత్రము బిగియును. క్రింది భాగము కదలదు. కొంతసేపటికి తీగ ఒక్కుమ్మడి జాఱును, టిక్కుమనును, స్వరము ఎగురును. ఒక్కొక్కప్పుడు ఆ జాఱుట శ్రుతి చేయునపుడు కాక పాట నడుమ జరుగును. పిల్లవాడు చెప్పినది అక్షరాల నిజము.

అంతట ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేయుచు పరీక్షించితిమి. మొదట గంటులో పెన్సిలు మొనను రాచి గ్రాఫైటు పొడి నింపితిమి. చప్పుడు తగ్గినది గాని పోలేదు. పిదప ప్రాతతీగ ముక్కకు మిక్కిలి నున్నని ఉప్పుకాగితము చుట్టి, గంటు ప్రక్కలను మాత్రము పదిమాఱులు మెల్లగా రాచితిమి. అడుగును తాకలేదు, అడుగు తెగినచో తీగ దిగి మొదటి మెట్టుపై జిఱ్ఱుమనును. తీగ మరల పెట్టగా చప్పుడు లేదు. శ్రుతి నిలిచినది. చివరకు క్రొత్త బిరడలను విప్పి ప్రాతవానిని వాని స్థానములలోనే బిగించి చూచితిమి. శ్రుతి అంతే చక్కగా నిలిచినది.

ఈ మూడవ పరీక్ష చేయక విడిచియున్నచో, క్రొత్త బిరడలవలననే గిటారు బాగుపడినదని నేటికిని చెప్పుకొనుచుందుము, చూచినవారును నమ్మియుందురు.

క్రొత్త బిరడల జత వ్యర్థము కాలేదు. కొట్టుగదిలో ఒక ప్రాతగిటారు పడియుండెను. దాని బిరడల పండ్లు నిజముగనే అరిగి, కమ్ములు ఊగుచుండెను. దాని రంధ్రములు చిన్నవి గనుక, వడ్రంగిచేత చేతిరీమరుతో మెల్లగా 10 మిల్లీమీటర్లకు పెంచించి, ఆ జతను దానికి అమర్చితిమి. కఱ్ఱను తీసిన పిదప మరల చేర్చలేము గనుక క్రొత్త గిటారునకైనచో అంత సాహసము చేసియుండము. ఇప్పుడు గాయకబృందమునకు గిటారులు రెండు.

తరువాతి సాధనదినమున, ఏ బృందము ఎదుట ఆ విద్యార్థిని మందలించితిమో ఆ బృందము ఎదుటనే మా తప్పు ఒప్పుకొంటిమి. అతడు సిగ్గుపడి, ఏమియు అనక, గిటారు తీసికొని శ్రుతి చేయ నారంభించెను. నాటినుండి రెండు గిటారుల సంరక్షణయు అతనిదే. తీగలు మార్చునపుడు గంట్లలో పెన్సిలు రాయుట అతడే తక్కిన పిల్లలకు నేర్పుచున్నాడు.

కావున గిటారు గల విద్యార్థులకు మేము చెప్పునది ఇది. శ్రుతి నిలువనపుడు ముందు తీగలు క్రొత్తవై సాగుచున్నవేమో చూడుడు. పిదప చుట్లు సరిగా పడినవో లేవో చూడుడు. ఆ తరువాత గంటులో తీగ జాఱుచున్నదో చిక్కుచున్నదో చెవియొగ్గి వినుడు. గుఱ్ఱము పైకి లేచినదేమో పరికింపుడు. బిరడలను అన్నిటికంటె చివర అనుమానింపుడు. వాయించువాడు ఏదైన చెప్పినచో, అతడు ఎంత చిన్నవాడైనను, ముందుగా వినుడు. తీగకు దగ్గఱగా చెవి యుండునది అతనికే.

క్రొత్త గిటారు తలవెనుక మేము వేసిన ఆరు బెజ్జములను పంటిపుల్లలతో పూడ్చితిమి. రంగు వేసినను దగ్గఱగా చూచువారికి అవి కనబడుచునే యున్నవి.